నాలుగో ముల్లు

నవంబర్ 8, శనివారం

గడియారం వచ్చింది. ఇంటి అడ్రసు ఇస్తే అమ్మ చేతికి పోతుందని, కోరుట్లలో నేను పనిచేసే ల్యాబ్ అడ్రసే ఇచ్చాను. పేషెంట్లు తగ్గాక నిదానంగా విప్పుదామనుకున్నాను. నా తోటి టెక్నీషియన్ కృపారాణి ఆగలేదు. రక్తం తీసే కుర్చీలో కూర్చుని టేపు చింపేసింది.

"గింత బరువున్నదేందే! మగోళ్లది గదా ఇది. నీకెందుకు?"

"మహేందర్‌కు. లగ్గం నాడు ఇద్దామని."

"మరి నువ్వు పెట్టుకుంటున్నవేంది?"

"ఎట్ల నడుస్తదో సూడకుండనే ఇస్తరా?"

కృప నవ్వింది. నేనూ నవ్వాను. ఏ వస్తువైనా పరీక్ష చేయకుండా నేను ఇంట్లోకి తీసుకోనని దానికి తెలుసు.

దీనికి బ్యాటరీ లేదు. చెయ్యి కదిలినప్పుడల్లా లోపల ఒక అర్ధచంద్రం లాంటి రేకు తిరిగి స్ప్రింగును చుడుతుంది. వెనక అద్దం లోంచి అది కనిపిస్తుంది. ముళ్లు నాలుగు. గంటలది, నిమిషాలది, సెకన్లది, ఇవిగాక ఎర్ర మొన ఉన్న ఇంకొకటి. ఆ నాలుగోది రోజంతటికీ ఒక్క చుట్టే తిరుగుతుంది. దాన్ని ఇంకో దేశం టైముకు పెట్టుకోవచ్చు. ఆయన దుబాయ్‌లో ఉన్నప్పుడు ఇక్కడి టైము తెలుస్తుంది. ఇలాంటివి గొప్పవాళ్ల చేతికే ఉంటాయనుకునేదాన్ని. ఇది నాలాంటిదాని జీతానికి అందేదే. అందుకే అనుమానం కూడా.

రెండు వారాల్లోగా నచ్చకపోతే వాపసు పంపొచ్చు. అందుకని పెట్టుకుని చూస్తున్నాను. అంతే.

నవంబర్ 9, ఆదివారం

మొదటి పరీక్షలోనే తప్పింది.

దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఎర్ర ముల్లు తిప్పితే గంట గంటకే దూకుతుంది. గంట వెనక్కి పెడితే తక్కువ, రెండు గంటలు పెడితే ఎక్కువ. ఎట్లా పెట్టినా అరగంట తేడా. పొద్దున్నుంచి తిప్పుతూనే ఉన్నాను. అమ్మ బీడీలు చుడుతూ చూస్తోంది.

"ఏమైందే దానికి?"

"ఏం కాలె అమ్మా."

"ఏం గాకుంటే గట్లెందుకు మొకం పెట్టినవ్?"

ల్యాబ్‌లో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. రిజల్టు నమ్మబుద్ధి కాకపోతే ముందు మిషన్‌ను అనుమానించు. జవాబు ముందే తెలిసిన సాంపిల్ ఒకటి పెట్టి చూడు. అదీ సరిగ్గా వస్తే, పేషెంటు రక్తం మళ్లీ తీయి. మనిషిని అందరికంటే చివర అనుమానించు.

నవంబర్ 10, సోమవారం

అరగంట తేడా అలాగే ఉంది.

నవంబర్ 11, మంగళవారం

ల్యాబ్ అయ్యాక కోరుట్ల బస్టాండు పక్కన చంద్రయ్య గడియారాల దుకాణానికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

"గీ ఎర్ర ముల్లు ఎక్కువొచ్చింది బిడ్డా. తీసెయ్యాల్నా?"

"వద్దు తాతా! దానికోసమే కొన్న."

"అయితే ఫిట్టింగుల తప్పయ్యింది. రెండు రోజులు నా దగ్గర ఇడిసిపెట్టు."

చేతిలోంచి లాక్కున్నంత పని చేసి తెచ్చుకున్నాను.

ఇంటికి పోయే జగిత్యాల బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గడియారం అద్దం చుట్టూ ఒక రింగు ఉంది. సగం నీలం, సగం నలుపు. ఇరవై నాలుగు అంకెలు దాని మీదే ఉన్నాయి. ఊరికే తిప్పుతుంటే తిరిగింది. అది ముల్లులాగా దూకదు, ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. అప్పుడు అర్థమైంది. ఎర్ర ముల్లును మన టైము మీదే ఉంచి, రింగును ఒకటిన్నర గీత కుడికి జరిపితే చాలు. ముల్లు ఎదురుగా ఉన్న అంకె దుబాయ్ టైము.

బస్సులోనే గట్టిగా "అచ్చింది" అన్నాను. పక్కన కూర్చున్న ఆమె, ఊరు వచ్చిందేమోనని లేచి నిలబడింది.

మిషన్‌లో తప్పు లేదు. నాకే తెలియలేదు. మనసు తేలికైంది. మహేందర్‌కు ఇస్తూ ఈ కిటుకు నేనే చూపించాలి.

నవంబర్ 13, గురువారం

ఫోన్‌లో టైముతో పోల్చి చూస్తున్నాను. రోజుకు కొన్ని సెకన్లు ముందుకు పోతోంది. ఈ ధరకు ఇది తప్పు కాదు. బరువు అలవాటైంది. పట్టీ మాత్రం చెమటకు దురద పెడుతుంది, మార్చాలి.

సాయంత్రం ఆరు దాటాక మహేందర్ వీడియో కాల్ చేశాడు. ఎప్పుడూ అప్పుడే చేస్తాడు. గోదాములో డ్యూటీ దిగి రూముకు వచ్చేసరికి అక్కడ అయిదు కావస్తుంటుంది.

మేము ఎదురెదురుగా ఇంకా చూసుకోలేదు. రాఖీ పండుగ అప్పుడు మా మేనత్త తెచ్చిన సంబంధం. వేములవాడ దగ్గరి బోయినపల్లి మనిషి. భార్య జబ్బు చేసి పోయింది, పిల్లలు లేరు. వాళ్లమ్మ శంకరవ్వ జగిత్యాలకు వచ్చి నన్ను చూసి, "నా కొడుకు దుబాయ్‌ల సూపర్‌వైజర్" అని మూడుసార్లు చెప్పింది. నాకూ ఇది రెండోదే. పెళ్లి ఫిబ్రవరిలో.

ఆయన మాటల్లో గొప్పలుండవు. అన్నం మాడింది అని చెబుతాడు. పొద్దున లేవగానే గుండె దడదడ కొట్టుకుంటుందని ఒకసారి చెప్పాడు. మగవాళ్లు అలాంటివి చెప్పడం నేను వినలేదు.

ఇవాళ ఆయన వెనక గోడ మీద గడియారం కనిపించింది. నా చేతి గడియారంలో ఎంతుందో దాంట్లోనూ అంతే. మన టైము.

"గదేంది, ఆ గడియారం మన టైం చూపిస్తున్నది?"

ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాడు.

"అదా... ఇంటి టైం యాదికుండాలె గదా అని గట్ల పెట్టుకున్న."

నేను ఆ మాటనే తలుచుకుంటూ పడుకున్నాను. ఇంటి టైం యాదికుండాలని. నేను కొన్న వస్తువు సరైన మనిషికే కొన్నాను.

నవంబర్ 14, శుక్రవారం

ఇంటి టైం యాదికుండాలని గోడ గడియారం పెట్టుకున్నాడు. కృపకు చెప్పాను. "మంచిగనే ఉన్నది" అంది. తర్వాతి పేషెంటును పిలిచింది.

నవంబర్ 16, ఆదివారం

శుక్రవారం రాత్రి విప్పి బీరువాలో పెట్టాను, చేతికి లేకుండా ఎంతసేపు నడుస్తుందో చూద్దామని. ఇవాళ సాయంత్రం తీస్తే ఆగిపోయి ఉంది. ఒకటిన్నర రోజుకు పైగా నడుస్తుందని కాగితంలో రాశారు, ముళ్లు ఆగిన చోటును బట్టి అంతకు తక్కువ నడిచినట్టు లేదు. చేతికి పెట్టుకుని కదిలించగానే మళ్లీ బయలుదేరింది, ఫోన్ చూసి టైము దిద్దాను.

ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఆగిపోయిన వస్తువును చూస్తే నాకు మంచిగా అనిపించదు, అంతే.

నవంబర్ 18, మంగళవారం

ఆరుంబావు దాటాక కాల్. నేను డాబా మీద ఉన్నాను. ఇక్కడ పూర్తిగా చీకటి పడింది. ఆయన మొహం మీద ట్యూబులైటు వెలుగు. వెనక కిటికీ.

మాట్లాడుతూనే గడియారం చూశాను. ఈ మధ్య అలవాటైంది. ఎర్ర ముల్లు పదిహేడుకు కొంచెం ఇవతల ఉంది. అంటే అక్కడ అయిదు కాలేదు.

కిటికీ నల్లగా ఉంది.

ఫోన్ పెట్టాక దుబాయ్‌లో పొద్దు ఎప్పుడు గూకుతుందో వెతికాను. అక్కడ ఇంకా ఎండ ఉండాలి.

నవంబర్ 19, బుధవారం

రింగు జరిగి ఉంటుంది. అది బిగుతుగా ఉండదు, బస్సులో బ్యాగు పట్టీ తగిలినా జరుగుతుంది. ఈ గడియారంలో అసలైన లోపం ఇదే. కొనేవాళ్లెవరైనా ఇది తెలుసుకుని కొనాలి. పొద్దున మళ్లీ సరిచేశాను. మధ్యాహ్నం చూశాను. సాయంత్రం చూశాను. ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది.

ఫోన్‌లో దుబాయ్ టైము పెట్టి చూశాను. అదీ ఇదీ ఒక్కటే.

నిన్న మబ్బు పట్టి ఉండొచ్చు. లేదా ఆ కిటికీకి ఎదురుగా పెద్ద గోడ ఉండొచ్చు. గోదాముల మధ్య రూములు అలాగే ఉంటాయి.

నవంబర్ 20, గురువారం

ఇవాళ కావాలనే అడిగాను.

"ఆడ ఎండ ఉన్నదా ఇంకా?"

"ఉన్నది. మస్తున్నది. నవంబరైనా గీ దేశంల ఎండ తగ్గది."

ఆయన వెనక కిటికీకి దుప్పటి కట్టి ఉంది. మొన్న లేదు.

"దుప్పటెందుకు కట్టిండ్రు?"

"ఎండకే."

నేను తల ఊపాను. ఇంకేదో మాట్లాడాను, అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి.

ఇవాళ మధ్యాహ్నం కృపతో జరిగిన మాట కూడా రాయాలి. మొన్నటి కిటికీ సంగతి చెప్పాను. మబ్బు, గోడ అన్నీ చెప్పాను. అది రక్తం సీసాల మీద పేర్లు అంటిస్తూ విని, "అడుగు" అంది.

"అడిగితే ఏమైతది?"

"అడగకుంటే ఏమైతది? నువ్వే సోంచాయించు."

మిషన్ సరిగ్గా ఉంది. తెలిసిన సాంపిల్ పెట్టి చూశాను. సాంపిల్ మళ్లీ తీశాను. ఇక మిగిలింది ఏమిటో నాకు తెలుసు. రాయను.

నవంబర్ 21, శుక్రవారం

అడిగాను.

ఈసారి వీడియో పెట్టొద్దన్నాను. మొహం కనిపిస్తే నేను అడగలేను. డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య నిలబడ్డాను.

"మీరు యాడున్నరు?"

"రూముల. ఎందుకు?"

"రూం యాడున్నది?"

ఫోన్ పెట్టేశాడనుకున్నాను. పెట్టలేదు. ఫ్యాన్ కిర్రుకిర్రుమనడం వినిపిస్తోంది.

"మేడ్చల్‌ల," అన్నాడు.

"మేడ్చల్ ఏ దేశంల ఉన్నది?"

నోటికి అదే వచ్చింది. కోపమో, ఏడుపో నాకే తెలియలేదు. హైదరాబాద్ చేరకముందే వచ్చే ఊరు. మన దగ్గరి నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఎండాకాలంలో కంపెనీ మూతపడిందట. అందరినీ పంపించేశారట. హైదరాబాద్‌లో దిగినప్పుడు, ఇంకో వీసా దొరికాకనే ఇంటికి పోదామనుకున్నాడట. "నెల రోజులల్ల అయితది అన్నరు. కాలె. అవ్వ ఊరంత చెప్పుకున్నది, నా కొడుకు సూపర్‌వైజర్ అని. ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె?" మేడ్చల్‌లో ఒక గోదాములో పనికి కుదిరాడు. అంతలో మా మేనత్త సంబంధం మాట్లాడింది. లగ్గం లోపల వీసా వస్తే అబద్ధం అబద్ధం కాకుండా పోతుందనుకున్నాడట.

"గడియారం ఇంటి టైం కోసం పెట్టుకున్న అన్నరు."

"భయానికి నోట్లకెళ్లి అచ్చింది, రేణుకా."

"నేను గా మాట తలుసుకుంట పండుకున్న."

ఫోన్ పెట్టేశాను.

నవంబర్ 22, శనివారం

గడియారం వాపసు పంపడానికి ఇవాళే ఆఖరు. మరిచిపోయానని రాద్దామనుకున్నాను. మరిచిపోలేదు. పంపలేదు.

నవంబర్ 24, సోమవారం

అమ్మకు చెప్పలేదు. అన్నం సరిగ్గా తినడం లేదని మాత్రం ఆమె కనిపెట్టింది.

మొదటాయన కరెంటాఫీసులో పని అని చెప్పి నన్ను చేసుకున్నాడు. రోజూ టిఫిన్ బాక్సు కట్టి పంపేదాన్ని. ఆయన చెరువుకట్ట మీద చెట్టు కింద కూర్చుని, తిని, సాయంత్రం వచ్చేవాడు. మా వాడకట్టు అంతటికీ తెలుసు. కిరాణా దుకాణం ఆమె ఒకరోజు నవ్వుతూ, "నీ మొగని ఆఫీసు నీళ్లల్ల మునుగుతది జాగ్రత్త" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏమిటో తెలియక.

అబద్ధానికి ఏడవలేదు నేను. అందరికంటే చివర తెలిసినందుకు ఏడ్చాను.

ఈయన కూడా అంతేనా? రెండూ ఒకటే అని పొద్దున అనిపిస్తుంది, కాదని సాయంత్రం అనిపిస్తుంది. ఈయన పనికి పోతున్నాడు. కష్టం చేస్తున్నాడు. చోటు ఒక్కటే అబద్ధం. కానీ ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి కిటికీకి దుప్పటి కట్టాడు. స్టూలెక్కి మేకులు కొట్టి ఉంటాడు. ఆ సమయమంతా ఏం ఆలోచించి ఉంటాడు?

రాత్రికి మెసేజ్ పెట్టాను. ఆదివారం సిరిసిల్లకు రండి. అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు లేరు. ముందు మొహం చూపించండి. తర్వాత మీ అమ్మకు మీరే చెప్పాలి, నేను ఉండగా.

"అస్త" అని ఒక్క మాట వచ్చింది.

నవంబర్ 27, గురువారం

వస్తాడో రాడో. గడియారం బాగానే నడుస్తోంది.

నవంబర్ 30, ఆదివారం

చాలా పొద్దుపోయింది. అయినా రాస్తాను.

కృపతో పని ఉందని అమ్మకు చెప్పి బయలుదేరాను. అబద్ధం నాకూ సులువుగానే వచ్చింది. వేములవాడలో బస్సు మారి సిరిసిల్లలో దిగేసరికి ఆయన బస్టాండులో నిలబడి ఉన్నాడు. భుజానికి ఒక బ్యాగు. వీడియోలో కంటే పొట్టిగా, బక్కగా ఉన్నాడు. చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. నన్ను చూసి ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

బస్టాండు వెనక సందులో చాయ్ తాగాం. మరమగ్గాల చప్పుడుకు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. అది మంచిదే అయింది, మెల్లగా మాట్లాడే మాటలు కావు మావి.

"ఎట్ల తెలిసింది నీకు?"

చెయ్యి చాపి చూపించాను. ఎర్ర ముల్లు గురించి, రింగు గురించి, చీకటి కిటికీ గురించి చెప్పాను.

"ఇది ఎవరికి?"

"మీకే కొన్న."

చాలాసేపు దాన్నే చూశాడు. "మంచిగున్నది" అన్నాడు. చెయ్యి చాపలేదు. నేనూ విప్పలేదు.

"అవ్వకు చెప్పకుండ వేరే తొవ్వ లేదా?" అని అడిగాడు. "వీసా కోసం మొన్న గూడ ఒకాయన ఫోన్ చేసిండు. నెల..."

"గిట్ల నెల నెల అనుకుంటనే ఎండకాలం నుంచి చలికాలం అచ్చింది."

బోయినపల్లి బస్సెక్కాం. వేర్వేరు సీట్లలో కూర్చున్నాం.

వాళ్ల ఇంటి ముందు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. శంకరవ్వ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. తలెత్తి చూసింది. ఒక్క క్షణం పోల్చుకోలేదు.

"నా కొడుకా!"

ఆ కేకకు ఎదురింటి మొగిలయ్య బయటికి వచ్చాడు. ఇంకా ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఆమె కొడుకు మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని తడుముతోంది. "చెప్పకుంట అచ్చినవ్ గదరా! విమానం గిప్పుడే దిగినవా? ఏమన్న తిన్నవా? చూడుండ్రే, నా కొడుకు దుబాయ్ నుంచి అచ్చిండు! కోడలు పోయి తోల్కచ్చింది!"

మొగిలయ్య నవ్వుతూ, "సామాన్ ఏది మహేందర్?" అన్నాడు.

సామాను వెనక వస్తోందని ఆయన అంటే చాలు. ఆ ముసలామె సంతోషం అలాగే ఉంటుంది. అందరూ నమ్ముతారు. నేను కాదనగలనా? ఆమె మొహం చూస్తూ నేనూ నోరు మూసుకుంటానేమో. నాకు నా మీదే భయం వేసింది.

నా వైపు చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు. చూసి చెప్పి ఉంటే నాకోసం చెప్పినట్టు అయ్యేది.

"సామాన్ లేదు," అన్నాడు. "అవ్వా, నేను దుబాయ్ నుంచి అస్తలేను. ఎండకాలంలనే అచ్చేసిన. కంపెనీ మూసిండ్రు. మేడ్చల్‌ల ఉంటున్న. ఆడ గోదాంల పని చేస్తున్న."

శంకరవ్వ చేతులు ఆయన బుగ్గల మీదే ఉన్నాయి. మెల్లగా దించింది.

"ఎండకాలంలనా?"

"అవునే."

"దసరాకు నాకు జరమొచ్చి దవాఖానల పండుకున్న."

"ఎరికే అవ్వా."

"ఫోన్ల ఏడిస్తివి. దూరముంటి అవ్వా, రాలేకపోతి అని ఏడిస్తివి."

"ఏడ్చిన."

"మేడ్చల్‌ల కూసోని ఏడ్చినవా?"

ఆయన తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఇది నాకు తెలియదు. నన్ను మోసం చేశాడనే ఇన్నాళ్లూ కుమిలాను, జ్వరంతో పడి ఉన్న తల్లి సంగతి ఆలోచించలేదు.

ఆమె అరవలేదు. శాపం పెట్టలేదు. మొగిలయ్యతో, "ఇగ పో అన్నా, చూసింది సాలు" అంది. వాళ్లు గుమ్మాల దాకా పోయి అక్కడే నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకు ముందుగాల ఎరికేనా బిడ్డా?"

"మొన్ననే ఎరికైంది అత్తమ్మా."

"ఎవలు చెప్పిండ్రు?"

"అనుమానమొచ్చి నేనే అడిగిన. ఈయననే చెప్పిండు."

"అడిగితే చెప్పిండా." ఆ మాట తనలో తాను రెండుసార్లు అనుకుంది. "నేను ఎన్నడు అడగకపోతి. ఎప్పుడస్తవ్ అనే అడిగిన గని, యాడున్నవని అడగకపోతి."

పొద్దు వాలుతోంది. ఆమె అరుగు మీద ఉన్న చెక్క పార తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"ఎండ పోతున్నది. వడ్లు కుప్ప జెయ్యి."

ఆయన బ్యాగు అరుగు మీద పెట్టి, చెప్పులు విడిచి, వడ్లల్లోకి దిగాడు. వాడకట్టంతా చూస్తుండగా ఆ చివరి నుంచి ఈ చివరికి లాగడం మొదలుపెట్టాడు. ఆమె వెనక నుంచి చీపురుతో ఊడ్చుకుంటూ వచ్చింది. కుప్ప అయ్యేదాకా నేను అరుగు మీదే కూర్చున్నాను.

బస్సు దాకా ఆయన వచ్చాడు. కాళ్లకు వడ్ల దుమ్ము.

"ఫిబ్రవరిల లగ్గం వద్దు," అన్నాను.

"సరే."

"అసలుకే వద్దని అంటలేను. అవునని గూడ అంటలేను. వచ్చే ఆదివారం జగిత్యాలకు రాండ్రి. మా అమ్మకు గూడ మీరే చెప్పాలె."

బస్సు వచ్చింది.

డిసెంబర్ 2, మంగళవారం

గడియారం గురించి నా తీర్పు రాసి పెట్టుకుంటాను, మొదలుపెట్టింది దానికోసమే కనుక. నడక మంచిది. రోజుకు కొన్ని సెకన్ల తేడా, వారానికోసారి దిద్దుకుంటే సరిపోతుంది. చేతికి లేకపోతే ఆగిపోతుంది. రింగు వదులు. మన దేశం వాళ్లకు ఆ ఎర్ర ముల్లు ఒక్కటే చాలదు, అరగంట కోసం రింగు తిప్పుకోవాల్సిందే. పట్టీ బాగాలేదు, తోలు పట్టీ వేయించాను. ఈ ధరకు ఇంతకంటే మంచిది దొరకదనుకుంటాను.

ఎవరికీ ఇవ్వను. నాకే నచ్చింది.

డిసెంబర్ 5, శుక్రవారం

శంకరవ్వ ఫోన్ చేసింది. "ఎట్లున్నవ్ బిడ్డా" అంది. కొడుకు మాట ఎత్తలేదు. వడ్లు అమ్ముడుపోయాయని చెప్పింది. పెట్టేసే ముందు, "నువ్వు నీ మనసుకు ఎట్ల తోస్తె గట్ల చెయ్యి. నా మొకం చూసి చెయ్యకు" అంది.

ఆ తర్వాత చాలాసేపు నాకు పని మీద మనసు నిలవలేదు. ఒక సాంపిల్ రెండుసార్లు పెట్టాను.

డిసెంబర్ 7, ఆదివారం

వచ్చాడు.

అమ్మ పెళ్లికొడుకు వచ్చాడని కుర్చీ తుడిచి వేసింది. "దుబాయ్ నుంచి ఎప్పుడచ్చినవ్ కొడుకా" అని అడిగింది. ఆయన కుర్చీలో కూర్చోలేదు. అమ్మ బీడీల చాట ఎదురుగా కింద కూర్చుని, మొత్తం చెప్పాడు. ఏదీ దాచలేదు, దసరా జ్వరం సంగతి కూడా. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. రెండు చోట్ల తడబడ్డాడు. నేను అందుకోలేదు.

అమ్మ చేతిలోని బీడీకి దారం చుట్టడం ఆపేసింది.

"మా పిల్లను ఒకడు గిట్లనే చేసి పోయిండు. ఎరికేనా నీకు?"

"ఎరికే అత్తా. రేణుక చెప్పింది."

"ఎరికై గూడ చేసినవా?"

"చేసిన."

"రేపు ఇంకోటి చెయ్యవని ఎట్ల నమ్మాలె?"

"నమ్మమని నేను చెప్తలేను," అన్నాడు. "చెప్పెతందుకే అచ్చిన."

అమ్మ నా వైపు చూసింది. ఆమె లేచి లోపలికి పోయి, కళ్లు తుడుచుకుని, చాయ్ పెట్టింది. చక్కెర వేయడం మరిచిపోయింది. ముగ్గురం అలాగే తాగాం.

వెళ్లేటప్పుడు మెట్ల దాకా వెళ్లాను.

"వీసా ఆయన మళ్లా ఫోన్ చేసిండు," అన్నాడు. "వద్దన్న. నువ్వు అన్నవని కాదు. అవ్వ ఒక్కతే ఉన్నది."

"గది మీ ఇష్టం."

"మరి మన సంగతి?"

నాకు ఏం చెప్పాలో పొద్దున్నుంచి ఆలోచించి పెట్టుకున్నాను. అవన్నీ పోయాయి.

"నాకింక భయం పోలే," అన్నాను. "మీరు ఫోన్ చేస్తే వెనక గోడ చూస్తున్న, మీ మొకం చూస్తలేను. గిట్ల లగ్గం చేసుకుంటే రోజు గోడలే చూస్తుంట. మీరు అస్తుండుండ్రి. ఆదివారం ఆదివారం రాండ్రి. భయం పోయిన్నాడు నేనే చెప్త."

"పోకుంటే?"

"పోకుంటే గది గూడ నేనే చెప్త. మీ మొకం మీదనే చెప్త. ఇంకొకల నోట మిమ్ములను ఇననియ్య."

ఆయన "సరే" అని, మెట్లు దిగి, గేటు దగ్గర చెప్పులు వేసుకున్నాడు.

"వచ్చే ఆదివారం ఎన్నింటికి రావాలె?" అని అక్కడి నుంచి అడిగాడు.

"పొద్దుగాల రాండ్రి," అన్నాను. "అన్నం ఇక్కడనే తిందురు."